పార్సిల్ ఎన్నాళ్లలో రావాలి?

పాల ప్యాకెట్టు పది నిమిషాల్లో గుమ్మం ముందుంటుంది, చీర పది రోజులైనా రాదు. ఈ తేడాకు కారణమేమిటో, ఎంతవరకు ఓపిక పట్టాలో, ఎక్కడి నుంచి నిలదీయాలో వివరించే కథనమిది.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో డెలివరీ సమయమంటే ఆర్డరు పెట్టినప్పటి నుంచి వస్తువు చేతికందే వరకు పట్టే వ్యవధి అని స్థూలంగా చెప్పుకున్నా, నిజానికి అది వేర్వేరు చేతుల్లో జరిగే నాలుగు పనులకు పట్టే కాలాల మొత్తం. అమ్మకందారు వస్తువును ప్యాక్ చేసి చిరునామా చీటీ అంటించడం మొదటిది; కొరియర్ సంస్థ దాన్ని తీసుకెళ్లి, ఏ ఊరి సరుకు ఆ ఊరికి విడదీసే సార్టింగ్ కేంద్రానికి చేర్చడం రెండోది; అక్కడి నుంచి లారీలోనో విమానంలోనో గమ్యానికి దగ్గరి నగరానికి ప్రయాణించడం మూడోది; స్థానిక హబ్బు నుంచి డెలివరీ బాయ్ ఇంటికి తెచ్చివ్వడం నాలుగోది. ‘షిప్డ్’, ‘ఇన్ ట్రాన్సిట్’, ‘అవుట్ ఫర్ డెలివరీ’ అంటూ ఫోనులో కనిపించేవి ఈ మజిలీల పేర్లే కనుక, ఆర్డరు ఎక్కడ ఆగిందో చూస్తే జాప్యం ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. మూడు రోజులైనా ‘షిప్డ్’ అని రాకపోతే ఆరా తీయవలసింది అమ్మకందారును. ఊళ్లోని హబ్బుకు చేరి కదలకుండా ఉంటే కొరియర్ సంస్థను.

సరుకు ఎక్కడుంటే వేగం అక్కడ

పది నిమిషాల డెలివరీని చూసి బండ్ల వేగం పెరిగిందనుకోవడం పొరపాటు. 2021 డిసెంబరులో గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్‌గా అవతరించినా, జెప్టో, స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ దానితో పోటీపడినా, అందరి వ్యాపారానికీ ఆధారం ‘డార్క్ స్టోర్’. కొనుగోలుదారులు లోపలికి అడుగుపెట్టని ఈ చిన్న గోదాములో చుట్టుపక్కల రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోని ఇళ్లవారు తరచూ కొనే సరుకులను ముందే నింపి ఉంచుతారు. అంటే దూరప్రయాణమంతా ఆర్డరు రాకముందే పూర్తయి, చివరి మజిలీ ఒక్కటే మిగులుతుంది. పెద్ద సంస్థలు నగరాల శివార్లలో భారీ గోదాములు కట్టడంలోనూ, 2023 జనవరిలో అమెజాన్ హైదరాబాద్ వేదికగా సరుకు విమాన సేవను ప్రారంభించడంలోనూ ఉద్దేశం సరుకుకూ కొనుగోలుదారుకూ మధ్య కాలాన్ని తగ్గించడమే.

సరుకు చేతిలో లేనప్పుడు ఏమవుతుందో ఫ్లిప్‌కార్ట్ తొలి ఆర్డరే చెబుతుంది. 2007లో మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు జాన్ వుడ్ రాసిన పుస్తకాన్ని కోరినప్పుడు ఆ ప్రతి సంస్థ దగ్గర లేకపోవడంతో, వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరు పుస్తకాల దుకాణాల్లో గాలించి సంపాదించి పంపవలసి వచ్చింది. ఈనాటికీ పోచంపల్లి ఇక్కత్ చీరనో, కొలతలిచ్చి చేయించుకునే మంచాన్నో కొనేవారి పరిస్థితి ఇంచుమించు ఇదే. వస్తువు మగ్గం మీదనో వడ్రంగి చేతిలోనో ఉన్నంతకాలం ఏ కొరియర్ సంస్థా దాన్ని తొందరపెట్టలేదు.

పిన్‌కోడ్ చెప్పే లెక్క

వెబ్‌సైట్లు ధర పక్కనే పిన్‌కోడ్ అడగడానికి కారణముంది. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడూ కలిసి ఉత్తరాలను విడదీసే జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. తెలుగు రాష్ట్రాల పిన్‌కోడ్‌లన్నీ 5తోనే మొదలైనా, మాదాపూర్ పరిసరాల 500081కీ, విశాఖ మన్యంలోని పాడేరు 531024కీ ఒకే గోదాము నుంచి ఒకే రోజు బయల్దేరిన పార్సిళ్లు ఒకే రోజు చేరవు. మొదటిచోట ఒక్క అపార్టుమెంటులోనే పదిహేను పార్సిళ్లు ఇచ్చే వీలుంటే, రెండోచోట ఘాట్ రోడ్డెక్కి ఒక్కో గూడేనికి ఒక్కో పార్సిల్ మోయాలి. ఈ లెక్కన సరుకు సిద్ధంగా ఉన్నప్పుడు అదే నగరంలో ఒకటి రెండు రోజులు, పెద్ద నగరాల మధ్య రెండు నుంచి నాలుగు, చిన్న పట్టణాలకు వారం లోపు, ఏజెన్సీ గ్రామాలకు పది రోజుల దాకా పట్టడం సహజమనుకోవచ్చు. దసరా, దీపావళి అమ్మకాల రద్దీలో మరో రెండు మూడు రోజులు కలుపుకోవాలి.

తేదీ ఇస్తే మాట ఇచ్చినట్టే

ఈ అంచనాలన్నీ అమ్మకందారు తేదీ చెప్పనప్పుడు పనికొచ్చేవి. చెప్పిన తరువాత కొలమానం ఆ తేదీయే. 2020 జులై 23న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి వచ్చిన వస్తువును వెనక్కి తీసుకోవడానికి గానీ, చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించకూడదు. వరద, తుపాను వంటి మానవ ప్రయత్నానికి మించిన అవాంతరాలకు మాత్రమే ఇందులో మినహాయింపు. బ్రిటన్‌లో వేరే ఒప్పందం లేకపోతే 30 రోజుల్లో అందించాలని చట్టం చెబుతుండగా, ఈ నిబంధనలు రోజుల సంఖ్యను నిర్ణయించకుండా ప్రకటించిన గడువునే ప్రమాణంగా తీసుకున్నాయి కనుక, తేదీ లేకుండా కొనడమంటే సగం హక్కు వదులుకోవడమే.

ఆర్డరు పెట్టిన తరువాత యాప్‌లో తేదీ చడీచప్పుడు లేకుండా జరిగిపోవచ్చు కాబట్టి, మొదట చూపిన తేదీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. ఎవరూ రాకుండానే ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని నమోదైతే, ఆ వేళకు ఏ ఫోనూ రాలేదని చూపే కాల్ లాగ్ సాక్ష్యంగా పనికొస్తుంది. ప్రతి సంస్థా నియమించుకోవలసిన ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు.

తొందర బరువు ఎవరి మీద?

గడువు పాటించమని అడగడం వేరు, గడువును నిమిషాలకు కుదించమనడం వేరు. డార్క్ స్టోర్ ఎంత దగ్గరున్నా ట్రాఫిక్, వాన, లిఫ్టు లేని నాలుగో అంతస్తు మిగిలే ఉంటాయి. వాటిని దాటే భారం రోజుజీతమైనా లేని డెలివరీ కార్మికుడి మీదే పడుతుంది. పది నిమిషాల డెలివరీని ఎత్తేయాలన్న డిమాండుతో గిగ్ కార్మికులు 2025 డిసెంబరు 31న సమ్మెకు దిగడం, తరువాతి నెలలో కేంద్ర కార్మిక శాఖ జోక్యంతో బ్లింకిట్ ‘పది నిమిషాల’ ప్రచారాన్ని విరమించడం ఈ నేపథ్యంలోనివే.

అందువల్ల మందులు, పసిపిల్లల పాలపొడి వంటి అత్యవసరాలను మినహాయిస్తే, కొనుగోలుదారు చూడవలసింది ఎంత త్వరగా ఇస్తామంటున్నారన్నది కాదు, అన్న తేదీకి ఇస్తున్నారా అన్నది. వారమని చెప్పి ఆరో రోజున ఇచ్చిన అమ్మకందారు దగ్గర మళ్లీ కొని, రెండు రోజులని చెప్పి ఐదో రోజున ఇచ్చినవారిని లిఖితపూర్వకంగా నిలదీసేవారు పెరిగినకొద్దీ, ఆశ పెట్టే తేదీలకు బదులు నిలబడే తేదీలు చూపడమే వ్యాపారులకు లాభసాటి అవుతుంది.