పసిబిడ్డకు పత్రాలు: తల్లిదండ్రుల తొలి బాధ్యత

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాము. ఏడవ నాడు అఖీఖా జరిపి పేరు పెడతాము. అంతటితో మన బాధ్యత తీరదు. ఎవరి బిడ్డ, ఏ దేశపు బిడ్డ అన్నది ప్రభుత్వ దస్తావేజులో నమోదైనప్పుడే ఆ పసిప్రాణం హక్కులకు రక్షణ లభిస్తుంది. సంతానం కోసం తపిస్తూ విదేశాలలో అద్దె గర్భం, అంటే సరోగసీ, గురించి ఆలోచించే దంపతులు ఈ విషయాన్ని ముందుగానే గ్రహించాలి.

2008 జూలై 25న గుజరాత్‌లోని ఆనంద్‌లో మాంజీ అనే ఆడశిశువు ఈ పద్ధతిలో జన్మించింది. ఆమెను కోరుకున్న జపాన్ దంపతులు ప్రసవానికి ముందే విడాకులు తీసుకున్నారు. అండం ఒక స్త్రీది, మోసి కన్నది మరొక స్త్రీ, బిడ్డను కోరిన భార్య ఇంకొకరు. తల్లి ఎవరో తేలక, జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు మాత్రమే రాశారు. భారత పాస్‌పోర్టు రాలేదు. కన్న స్త్రీనే తల్లిగా గుర్తించే జపాన్ చట్టమూ ఆ బిడ్డను స్వీకరించలేదు. వీసా గడువు తీరి తండ్రి వెళ్ళిపోగా, నాయనమ్మ వచ్చి సాకింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి, సెప్టెంబరు 29న తీర్పు వెలువడింది. చివరకు పాస్‌పోర్టుకు బదులు ఒక గుర్తింపు పత్రం లభించింది. దానిలో జాతీయత లేదు, తల్లి పేరు లేదు. జపాన్ మానవతా దృష్టితో వీసా ఇచ్చాక, నవంబరులో ఆ బిడ్డ స్వదేశం చేరింది.

ఇటువంటి చిక్కుల అనంతరం చట్టం మారింది. 2022 జనవరి 25 నుండి అమలులో ఉన్న సరోగసీ నియంత్రణ చట్టం డబ్బుకు గర్భం అద్దెకిచ్చే వ్యాపారాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే పదేళ్ళ వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. చట్టం అనుమతించిన సందర్భంలో సైతం, బిడ్డ ఎవరి సంతానమో, ఎవరి సంరక్షణలో ఉండాలో మేజిస్ట్రేట్ కోర్టు ముందే ఉత్తర్వు ఇవ్వాలి. మాంజీకి కరువైనది సరిగ్గా ఇటువంటి ఉత్తర్వే.

షరీఅత్ దృష్టిలో ఈ మార్గం సమ్మతం కాదు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ దీనిని నిషిద్ధంగా నిర్ణయించింది. భార్యాభర్తల మధ్యనే, మూడవ వ్యక్తి ప్రమేయం లేకుండా జరిగే చికిత్సను మాత్రం, అవసరం ఏర్పడినప్పుడు, తగిన జాగ్రత్తలతో అనుమతించింది. కన్నవారే తల్లులని ముజాదలా సూరా, బిడ్డలను వారి తండ్రుల పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా బోధిస్తున్నాయి. వంశం తారుమారైతే వారసత్వమూ, వివాహ నిషేధాల హద్దులూ తారుమారవుతాయి. అయితే పెద్దల నిర్ణయానికి బిడ్డ దోషి కాదు. పుట్టిన బిడ్డకు పోషణ, గౌరవం, సత్యమైన గుర్తింపు ఇవ్వడం అందరి బాధ్యత.

మలక్‌పేట నుండి గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్ళిన కుటుంబాలు అనేకం. సహజంగా పుట్టిన బిడ్డ విషయంలోనూ కొందరు పత్రాలను నిర్లక్ష్యం చేస్తారు. 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో భారత పౌరులకు పుట్టిన బిడ్డను ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయాలి. బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పదు. ఇక్కడ పుట్టిన బిడ్డ వివరాలు 21 రోజులలోగా నమోదు కావాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన వారికి పాస్‌పోర్టు కోసమైనా, బడిలో చేరిక కోసమైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం.

పత్రంలో అసత్యపు తల్లిదండ్రుల పేర్లు రాయించడానికి ఎవరు సలహా ఇచ్చినా అంగీకరించకండి. ఆ అబద్ధాన్ని బిడ్డ జీవితాంతం మోయవలసి వస్తుంది. సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఏ నిర్ణయానికైనా ముందు ధర్మ పండితుడినీ, న్యాయవాదినీ, ఇద్దరినీ సంప్రదించండి.