మాయాబందర్‌లో బ్రేక్ ప్యాడ్లు ఎన్నాళ్లు మన్నుతాయి?

రాత్రంతా వాన కురిసి, తెల్లవారి కారు తీసి మొదటిసారి బ్రేకు నొక్కగానే చక్రాల దగ్గర గరగరమని చప్పుడు. వంగి చూస్తే, నిన్నటిదాకా మెరిసిన డిస్క్ మీద నారింజ రంగు పొర. మధ్య అండమాన్ ఉత్తర కొసన సముద్రం ఒడ్డునే ఉన్న మాయాబందర్‌లో ఇది మామూలు సంగతి. డిస్క్‌ను పోత ఇనుముతో చేస్తారు; తడి తగిలితే కొన్ని గంటల్లోనే పైపైన తుప్పు పడుతుంది. నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే అది చెరిగిపోతుంది, చప్పుడూ ఆగుతుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. కంగారు పడాల్సిన తుప్పు వేరే ఉంది, అది బయటికి కనిపించదు.

బ్రేక్ ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు 30,000 నుంచి 70,000 వరకు. ఇంత వెడల్పైన జవాబు నిజానికి జవాబు కాదు. ప్యాడ్ అరిగేది కారు నడిచిన దూరాన్ని బట్టి కాదు, అది మింగిన శక్తిని బట్టి. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిశక్తి సుమారు 167 కిలోజౌళ్లు. బ్రేకు వేసి ఆపితే ఈ శక్తిలో దాదాపు అంతా వేడిగా మారుతుంది. అర లీటరు నీళ్లను మరిగించడానికి ఆ వేడి చాలు. 40 కిలోమీటర్ల వేగంలో అదే కారు శక్తి 74 కిలోజౌళ్లే, అంటే సగం కన్నా తక్కువ.

మాయాబందర్ నుంచి 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. దారిలో జరావాల రక్షిత ప్రాంతం గుండా వెళ్లే వాహనాలన్నీ కాన్వాయ్‌గా బారులు తీరాలి, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. నెమ్మదిగా వెళ్లడం ప్యాడ్లకు మేలే. కానీ ముందు బండి తగ్గినప్పుడల్లా వెనక బండి బ్రేకు నొక్కాల్సిందే. ఇక ఎత్తుపల్లాల సంగతి చూస్తే, 100 మీటర్ల ఎత్తు నుంచి దిగే అదే కారును వేగం పెరగకుండా బ్రేకులతోనే పట్టి ఉంచితే 1,176 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అది 60 వేగం నుంచి ఏడుసార్లు పూర్తిగా ఆపినంత పని. దిగుడులో కింది గేరు వేసుకుని ఇంజిన్‌కు కొంత భారం వదిలేయమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

అయితే తరచూ ఈ దారిన తిరిగే ట్యాక్సీ కన్నా ఊళ్లో బజారుకు తప్ప బయటికి తీయని కారుకే తీరప్రాంతంలో ఎక్కువ చిక్కులు రావచ్చు. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, గాలిలో ఎప్పుడూ ఉప్పు తేమ ఉంటుంది. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి తుప్పు చర్య వేగం పుంజుకుంటుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉండే కార్లకూ ఇదే బెడద.

ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే క్యాలిపర్ చాలా కార్లలో రెండు గైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కితే, ఆ ప్రతిచర్యకు క్యాలిపర్ జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్క్ మీదికి లాగుతుంది. పిన్నుల రబ్బరు తొడుగు చిరిగి నీరు చేరితే గ్రీజు పోయి తుప్పు పడుతుంది, పిన్ను బిగుసుకుపోతుంది. ఆ తర్వాత భారమంతా సాధారణంగా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. చక్రం సందుల్లోంచి మనకు కనిపించేది మాత్రం బయటి ప్యాడ్! అది ఆరు మిల్లీమీటర్లు ఉందని ధీమాగా ఉంటే, లోపలిది అరిగి ఇనుప పలక డిస్క్‌ను గీస్తూ ఉండవచ్చు. కొన్నిసార్లు ఆ పలకకూ ఘర్షణ పదార్థానికీ మధ్య తుప్పు ఉబ్బి, మందం మిగిలి ఉండగానే ప్యాడ్ పెచ్చులుగా ఊడుతుంది. చక్రం విప్పి రెండు వైపులా చూడని తనిఖీ తనిఖీ కాదు.

కొత్త ప్యాడ్‌లో ఘర్షణ పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయడం మంచిది. పలచబడిన ప్యాడ్ వేడిని అంతగా అడ్డుకోలేదు, అది పిస్టన్‌కూ బ్రేక్ ఆయిల్‌కూ పాకుతుంది. 20,000 కిలోమీటర్లకు 6 మిల్లీమీటర్లు మిగిలిందనుకుందాం. అరిగింది 4, అంటే మిల్లీమీటరుకు 5,000 కిలోమీటర్లు. ఇంకో 15,000 రావచ్చు. ప్రతి సర్వీసింగ్‌లోనూ నాలుగు ముందు ప్యాడ్ల కొలతలూ రాయించుకుంటే ఈ లెక్క ఎవరి కారుకు వారే వేసుకోవచ్చు. ఒకే చక్రంలోని రెండు ప్యాడ్ల మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే ప్యాడ్లు మార్చి ఊరుకోకూడదు, పిన్నులూ పిస్టన్ కూడా చూడాలి. బ్రేకు నొక్కినప్పుడు సన్నగా కీచుమంటే, ప్యాడ్ అయిపోయిందని చెప్పడానికే అమర్చిన చిన్న ఉక్కు రేకు డిస్క్‌కు తగులుతోందేమో చూడాలి. అయితే అది అన్ని ప్యాడ్లకూ ఉండదు. మార్చేటప్పుడు ఎడమ, కుడి చక్రాలకు కలిపి మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఓ పక్కకు లాగుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. నీరు 3.7 శాతం చేరాక ఆ పరిమితి 155కు పడిపోతుంది. పొడవైన దిగుడులో వేడెక్కి ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కి కుదించలేం, ఆవిరిని కుదించగలం. అందుకే పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు. ప్యాడ్లు కొత్తవైనా సరే. కారు ఎంత తక్కువ తిరిగినా సుమారు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలనేది ఇందుకే. ఇంకో మాట: ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం దానంతటదే కొద్దిగా తగ్గుతుంది. మట్టం తగ్గిందని పైన పోసేసే ముందు ఒకసారి చక్రం విప్పించడం మేలు.