పొరుగువారితో సమాధానం, నేలలో నీరు

ఎర్ర సముద్రం పాయలు కావడం, యెరికో గోడలు కూలడం మనకు బాగా గుర్తుంటాయి. ఇస్సాకు బావులు తవ్వించిన సంగతి అంతగా గుర్తుండదు. అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు అసూయతో మన్ను పోసి పూడ్చేశారు. ఇస్సాకు గెరారు లోయలో వాటిని మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు (ఆది 26:15-18). అతని పనివారు మరో బావి తవ్వి నీళ్లు చూడగానే గెరారు కాపరులు వచ్చి ఆ నీళ్లు తమవేనని జగడమాడారు. ఇంకొకటి తవ్వితే దానికోసమూ జగడమే. ఇస్సాకు పోట్లాడకుండా ముందుకు సాగిపోయాడు. ఆ తర్వాత తవ్విన బావి దగ్గర ఎవరూ గొడవకు రాలేదు. దేవుడు తమకు చోటు కల్పించాడన్న కృతజ్ఞతతో ఇస్సాకు దానికి రహెబోతు అని పేరు పెట్టాడు.

వేల ఏళ్ల నాటి ఆ జగడం ఇప్పుడు మన కాలనీల్లోకి వచ్చేసింది. నగర శివార్లలో పొలాలు ప్లాట్లయ్యాయి. పాత బావులు పూడ్చి ఇళ్లు కట్టుకున్నాం. వాకిళ్లకు సిమెంటు, వీధులకు తారు వేసి వాన చుక్క నేలలోకి దిగే దారి మూసేశాం. పక్కింటివారు 500 అడుగుల బోరు వేస్తే మనం 800 అడుగులు వేస్తాం. భూమి లోపల రాతి పగుళ్లలో ఉండే నీటికి కాంపౌండు గోడలుండవు కనుక, మనం తోడిన నీరు పక్కింటి బోరుకు తగ్గుతుంది. ఈ పోటీలో చివరికి అందరూ ఓడిపోతారు. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డారు. నగరంలోని సుమారు 14 వేల బోర్లలో 6,900 ఎండిపోయాయని స్వయంగా కర్ణాటక ముఖ్యమంత్రే ప్రకటించారు.

అదే బెంగళూరు శివారులో, సర్జాపూర్ రోడ్డు పక్కన రెయిన్‌బో డ్రైవ్ అనే లేఅవుట్ ఉంది. 34 ఎకరాలు, దాదాపు 360 ప్లాట్లు. కావేరి పైపులైను అక్కడిదాకా రాని రోజుల్లో వారికి బోర్లే ఆధారం. అవి ఒక్కొక్కటే ఎండిపోతుంటే నివాసులంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరికి వారు సొంత బోరు వేసుకోకూడదని కట్టుబాటు చేసుకున్నారు. నీరు ఎక్కువ వాడేకొద్దీ ధర కూడా పెరిగేలా బిల్లులు మార్చారు. పైకప్పుల మీద, వీధి కాలువల్లో పారే వాన నీటిని ఇంకుడు బావుల్లోకి మళ్లించారు. అలాంటి బావులు అక్కడ వందల సంఖ్యలో తవ్వారు. వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడుకున్నారు. అందరినీ ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. నా ఇల్లు, నా డబ్బు, నా నీళ్లు అనే మనసును మార్చడం బావి తవ్వడం కన్నా కష్టమైన పని!

ఇంకుడు బావి అంటే పెద్ద యంత్రాంగమేమీ కాదు. మూడడుగుల వెడల్పున, 20 నుంచి 30 అడుగుల లోతున తవ్వి సిమెంటు ఒరలు దించుతారు. అడుగున మట్టిని అలాగే వదిలేస్తారు. వడగట్టిన వాన నీరు అందులోకి దిగి మెల్లగా నేలలోకి ఇంకుతుంది. బెంగళూరులో ఈ బావులు తవ్వేవారిలో మన్ను వడ్డర్లు ముఖ్యులు. తరతరాలుగా బావులు తవ్విన కుటుంబాలవి. వారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. బోర్లు వచ్చాక పని కోల్పోయిన ఆ చేతులకు ఇంకుడు బావులు మళ్లీ పని ఇచ్చాయి.

అయితే ఈ కథలో మరో పాఠం కూడా ఉంది. 2022 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు అదే రెయిన్‌బో డ్రైవ్ నీట మునిగింది. నివాసులను ట్రాక్టర్లలో బయటికి తీసుకురావలసి వచ్చింది. గేటు లోపల ఎంత క్రమశిక్షణ ఉన్నా, గేటు బయట చెరువులు, కాలువలు బాగుండకపోతే ప్రయోజనం లేదు. మన పొరుగువాడు ఎవరన్న ప్రశ్నకు ప్రభువు చెప్పిన జవాబు మన వీధి గేటు దగ్గర ఆగదు కదా! అదే సర్జాపూర్ రోడ్డు మీద 48 ఎకరాల కైకొండ్రహళ్లి చెరువు ఒకప్పుడు మురుగుతో నిండి పాడైపోయింది. కొత్త అపార్ట్‌మెంట్లవారు, పాత ఊరివారు నగరపాలక సంస్థతో కలిసి కూర్చున్నారు. 2011 నాటికి అది మళ్లీ చెరువైంది.

మన చర్చిల సంగతేమిటి? చాలా చర్చిల ఆవరణలు గోడ నుంచి గోడ దాకా సిమెంటే. ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడే చోట, 200 చదరపు మీటర్ల చర్చి పైకప్పు మీద లక్షా 60 వేల లీటర్ల నీరు పడుతుంది. 5 వేల లీటర్ల ట్యాంకరు లెక్కన అవి 32 ట్యాంకర్లు! ఆ నీటిని వీధిలోకి వదిలేసి, వేసవిలో డబ్బిచ్చి ట్యాంకరు తెప్పించుకుని, వర్షం కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటున్నాం. ప్రార్థన తప్పక చేయాలి. కాని దేవుడు పంపిన జవాబును మురికి కాలువలో కలపకూడదు. తొలకరికి ముందే పైకప్పు, గొట్టాలు శుభ్రం చేసి, ఒక్క ఇంకుడు బావి తవ్వితే చాలు, అది వీధికంతటికీ సువార్తలాంటిదే. ఆ నీరు చర్చికి వచ్చేవారి బోర్లకే చేరదు, రానివారి బోర్లకూ చేరుతుంది.

ఇస్సాకు కథ రహెబోతుతో ముగియలేదు. అతణ్ని తమ దగ్గర నుంచి పంపేసిన అబీమెలెకే తర్వాత వెతుక్కుంటూ వచ్చాడు. ఇస్సాకు పాత కక్షలు ఎత్తకుండా విందు చేసి, సమాధానంగా సాగనంపాడు. ఆ దినమే పనివారు పరుగున వచ్చి నీళ్లు పడ్డాయన్న కబురు చెప్పారు (ఆది 26:26-32). పొరుగువారితో సమాధానం, నేలలో నీరు ఒకే రోజున దొరికాయి. ఈ వేసవిలో మన కాలనీలో నీటి కోసం గొంతులు లేచేలోపే, మనమే ముందుగా పక్కింటి తలుపు తట్టి కలిసి తవ్వుదాం రమ్మని పిలుద్దాం.