నిప్పు, పొగ, మృత్పాత్ర

మట్టిని తొక్కి, పిసికి, సారెపై నిలిపి దానికొక ఆకృతినివ్వడం కుమ్మరి విద్యలో సగభాగం మాత్రమే. తక్కిన సగం నిప్పుది. మన కుమ్మరి ఆవము పేర్చి, మంట రగిల్చి, పైన మట్టితో కప్పిన తరువాత లోపల జరిగేది చూడజాలడు. ఆవము చల్లారి విప్పిన పిమ్మటనే ఏ కుండ నిలిచిందో, ఏది బీటవారిందో తెలుస్తుంది. ఇందుకు భిన్నంగా, ఎర్రగా కాలిన పాత్రను పటకారుతో నిప్పులోనుండి వెలికితీసే కాల్పు పద్ధతి ఒకటి జపానులో పుట్టింది. దాని పేరు ‘రాకు’. చిత్రలేఖనం, శిల్పం నేర్చే ఉన్నత పాఠశాల విద్యార్థులకు దీనిని నేర్పే ఉపాధ్యాయులు అనేక దేశాలలో ఉన్నారు.

16వ శతాబ్దిలో క్యోటో నగరంలో సెన్ నో రిక్యూ (1522–1591) అనే తేనీటి ఉపచార విధి ఆచార్యుడుండేవాడు. చైనానుండి వచ్చిన నునుపైన పాత్రలకు ఆనాటి సంపన్నులలో గొప్ప ఆదరణ ఉండేది. రిక్యూ మాత్రం ఆడంబరంలేని పాత్రను కోరాడు. చోజిరో అనే శిల్పి సారెను విడిచి, కేవలం చేతులతో మలచి, నల్లని, ఎర్రని గిన్నెలను అతనికి చేసి ఇచ్చాడు. రాకు అనే మాటకు సుఖమని, ఆనందమని అర్థం. అదే ఆ కుటుంబానికి వంశనామమైంది. 2019లో ఆ వంశంలో పదహారవ తరంవారు ఆ బాధ్యతను స్వీకరించారు.

అయితే నేడు పాఠశాలల్లో రాకు పేరిట నేర్పుతున్నది క్యోటో పద్ధతి కాదు. అక్కడ పాత్రను వెలికితీసి గాలిలోనే చల్లార్చుతారు. పొగ పట్టించడం తరువాత చేరిన ప్రక్రియ. 1911లో టోక్యోలో ఒక విందులో ఈ కాల్పును చూచి ముగ్ధుడైన ఆంగ్లేయుడు బెర్నార్డ్ లీచ్, 1940లో వెలువడిన తన గ్రంథంలో దానిని వివరించాడు. 1960లో కాలిఫోర్నియాలో పాల్ సోల్డ్నర్ అనే అధ్యాపకుడు ఎర్రగా కాలిన పాత్రను ఎండుటాకులలో దొర్లించి చూచాడు. నేటి పాఠశాల రాకు ప్రధానంగా ఆ ప్రయోగపు సంతానమే. కనుక దీనిని జపాను కళ అనడం సగం మాత్రమే నిజం.

ఈ ప్రక్రియలోని రహస్యం గాలి. ముందుగా ఒకసారి కాల్చి, గాజుపూత పూసిన పాత్రను సుమారు వేయి డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. పూత కరిగి తడిగా మెరుస్తున్న తరుణంలో పాత్రను తీసి, రంపపు పొట్టో ఎండుటాకులో వేసిన డబ్బాలో ఉంచుతారు. ఆ వేడికి పొట్టు భగ్గున మండుతుంది. వెంటనే మూత బిగిస్తే లోపలి ప్రాణవాయువు క్షణాలలో తరిగిపోతుంది. మంట తనకు కావలసిన ప్రాణవాయువును పూతలోని లోహ సమ్మేళనాలనుండే లాక్కుంటుంది. రసాయనశాస్త్రంలో మీరు చదివిన క్షయకరణమిదే. గాలి ఉంటే ఆకుపచ్చగా మిగిలే రాగి పూత, గాలి కరవైనప్పుడు ఎర్రగానో, లోహపు మెరుపుతోనో తేలుతుంది. పూత లేని చోట మసి మట్టిలోకి ఇంకి పాత్ర నల్లబడుతుంది. హఠాత్తుగా చల్లారడంవల్ల పూతపై ఏర్పడిన సన్నని పగుళ్ళలోకి కూడా పొగ చొచ్చుకొనిపోయి నల్లని గీతలు గీస్తుంది. ఆ గీతలను చేతితో గీయగల చిత్రకారుడు లేడు.

గాలిని అదుపుచేసి రంగు రాబట్టడం తెలుగు నేలకు కొత్త కాదు. 1954–60 మధ్య నాగార్జునకొండ తవ్వకాలలో బృహత్ శిలాయుగపు సమాధులు బయల్పడ్డాయి. దక్కనులో ఇటువంటి సమాధులలో లోపల, అంచున నలుపు, వెలుపల ఎరుపు గల పాత్రలు విరివిగా లభిస్తాయి. పాత్రను బోర్లించి కాల్చడంవల్ల లోపలికి గాలి సోకక నలుపు వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. కుమ్మరి గుండయ్య కుండ వాయిస్తే శివుడే నర్తించాడని బసవపురాణం చెబుతుంది. ఆ కుండ ఎరుపో నలుపో కవి చెప్పలేదు గాని, నల్లకుండ చేయదలచిన కుమ్మరి ఆవములో పొగ నిలిపి, గాలి సందులు మూసే పద్ధతి నాటినుండి నేటివరకు ఒకటే.

తెనాలి ప్రాంతపు పాఠశాలలో ఈ కాల్పు నేర్పదలచినచో తొలి చిక్కు మట్టితోనే. కృష్ణా డెల్టా నల్లమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొని పగులుతుంది. దానిలో ఇసుకను, దంచిన పెంకుల పొడిని తగుపాళ్ళలో కలపనిదే రాకు వేడికి తాళదు. పొగకు కావలసిన ఊక, ఎండుగడ్డి మాత్రం వరి పండే ఈ సీమలో కొదువలేదు. పాత నూనె డ్రమ్ముకు లోపల వేడిని ఆపే దూదివంటి పలక అమర్చి, గ్యాసు మంటతో కొలిమి చేసుకోవచ్చు. కాల్పు ఆరుబయటనే జరగాలి. విద్యార్థులు నూలు దుస్తులు, మూసిన బూట్లు, మోచేతివరకు తోలు తొడుగులు ధరించి, జుట్టు ముడివేసుకోవాలి. పటకారు పట్టేవారు ఒకరు, మూత వేసేవారు మరొకరు. ఎవరి పని ఏదో, ఎటు నడవాలో కొలిమి వెలిగించక మునుపే చల్లని పాత్రతో అభ్యసించాలి. వేడి పాత్ర చేతికి వచ్చాక చర్చకు వ్యవధి ఉండదు.

ఎంత జాగ్రత్త వహించినా కొన్ని పాత్రలు పగులుతాయి. మూడు వారాలు శ్రమించి మలచిన పాత్ర ‘టప్’మని రెండుగా విడిపోయినప్పుడు పదిహేనేళ్ళ పిల్లవాని ముఖం చూడడం ఏ ఉపాధ్యాయునికైనా కష్టమే. ఈ సంగతి ముందే చెప్పాలి. ఒక్కొక్కరిచేత రెండు మూడు పాత్రలు చేయించాలి. పగిలిన పాత్రకు మార్కులు తగ్గించడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ పెంకును విసిరివేయక, తెగిన అంచును పరిశీలింపజేస్తే పొగ మట్టిలోకి ఎంత లోతు దిగిందో కంటికి కనబడుతుంది. గోడ ఎక్కడ మందమైందో, ఎక్కడ గాలిబుడగ మిగిలిందో బయటపడుతుంది. నిండు పాత్ర ఇవి చూపదు.

పాత్ర చల్లారాక నీటితో, బ్రష్షుతో మసి కడగాలి. దానిని తినడానికి, త్రాగడానికి వాడరాదు. పగుళ్ళలోకి నీరు ఇంకుతుంది. పూర్వం పూతలలో సీసం వాడేవారు. పాఠశాలలో సీసం లేని పూతనే వాడాలి. త్రాగునీటికి కుండ కావలసివస్తే ఊరి కుమ్మరి వద్దకు వెళ్ళడమే మేలు. వెళ్ళినప్పుడు ఆవము ఎలా పేరుస్తారో అడిగి చూడవచ్చు.