రంగు నిలిచినా ఆగని రాకపోకలు

తాపీ నది ఒడ్డున, అరేబియా సముద్రానికి చేరువలో ఉన్న సూరత్ నగరంలో తొలకరి తరువాత గాలి తేమతో బరువెక్కుతుంది. ప్రయోగశాలలోని సున్నితపు త్రాసు అరలో తేమ పీల్చుకొనడానికి ఉంచిన నీలి సిలికా జెల్ పూసలు క్రమంగా గులాబీ రంగుకు తిరుగుతాయి. బాగా వేడిచేసి ఆరబెడితే మళ్ళీ నీలమవుతాయి. అద్దకానికి పేరుపడిన ఈ ఊరిలో ఏ అద్దకపువాడూ వేయని రంగు ఇది. మరి దీనిని మార్చేదేమిటి?

పూసలకు పట్టించిన కోబాల్టు క్లోరైడు అనే లవణం. దీని గుణం క్రొత్తగా కనిపెట్టినది కాదు. కోబాల్టు లవణంతో వ్రాసిన అక్షరాలు కాగితంపై కనబడక, వేడి తగిలినప్పుడు బయటపడి, చల్లారాక మాయమవుతాయని ఫ్రెంచి రసాయనవేత్త జాన్ హెలో 1737లోనే వివరించాడు. ఆయన అద్దకంలోనూ నిపుణుడే. 1750లో ఉన్ని అద్దకంపై గ్రంథం వెలువరించాడు.

ఈ లవణాన్ని నీటిలో కరిగిస్తే గులాబీ ద్రావణం వస్తుంది. అందులో ఒక్కొక్క కోబాల్టు అయాను చుట్టూ ఆరు నీటి అణువులు చేరి ఉంటాయి. గాఢ హైడ్రోక్లోరికామ్లం కలిపితే క్లోరైడు అయానులు నీటిని తొలగించి, నాలుగేసి చొప్పున కోబాల్టును ఆవరిస్తాయి, ద్రావణం నీలమవుతుంది. నీరు పోస్తే తిరిగి గులాబీ. రెండు రూపాలూ తగుపాళ్ళలో కలసి ఉన్నప్పుడు ఊదారంగు. ఆ ఊదారంగు నాళికను వేడినీటిలో ఉంచితే నీలం. మంచులో ఉంచితే గులాబీ.

ఊదారంగు నిలకడగా ఉన్నదంటే లోపల చర్య ఆగిపోయినదని చాలామంది విద్యార్థులు భావిస్తారు. పొరపాటు ఇక్కడే ఉన్నది. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణా జిల్లాల నుండి వచ్చిన నేతకుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో దశాబ్దాలుగా నివసిస్తున్నాయి; నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. అటువంటి ఒక పేటకు నెలకు ఎందరు క్రొత్తగా వస్తారో, అందరే స్వగ్రామాలకు రైలెక్కుతారనుకొందాము. జనసంఖ్య మారదు, ప్రయాణాలు మాత్రం ఆగవు. కూలిరేట్లు పెరిగితే వచ్చేవారు ఎక్కువై, కొంతకాలానికి మరొక సంఖ్య వద్ద లెక్క కుదురుతుంది. ద్రావణంలోనూ అంతే. గులాబీ అయానులు నీలంగానూ, నీలి అయానులు గులాబీగానూ ఎడతెగక మారుతుంటాయి. రెండు వేగాలూ సమానమైనందువల్ల రంగు నిలిచి ఉంటుంది. దీనినే గతిక సమతాస్థితి అంటారు.

ఈ సమతకు భంగం కలిగిస్తే, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశకు వ్యవస్థ జరుగుతుందని 1884లో లె చాటెలియర్ ప్రతిపాదించాడు. గులాబీ రూపం నీలం కావడానికి వేడి అవసరం. కనుక వేడి ఇస్తే చర్య నీలం వైపుకు, తీసివేస్తే గులాబీ వైపుకు ఒరుగుతుంది. ఇందులో ఒక సూక్ష్మభేదమున్నది. ఆమ్లమో నీరో కలిపినప్పుడు పాళ్ళు మాత్రమే సర్దుకొంటాయి. ఉష్ణోగ్రత మారినప్పుడు సమతాస్థితి స్థిరాంకమే మారుతుంది.

ఈ అందం వెనుక ప్రమాదమూ ఉన్నది. కోబాల్టు క్లోరైడు క్యాన్సరు కలిగించగలదన్న కారణంగా ఐరోపా సమాఖ్య 2008లో దానిని మిక్కిలి ఆందోళనకర పదార్థాల జాబితాలో చేర్చినది. కోబాల్టు లేని నారింజరంగు పూసలు వాడుకలోకి వచ్చాయి. నీలి పూసలను పసిపిల్లలకు అందనీయరాదు. ప్రయోగం ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, చేతితొడుగులతో, కొద్దిపాటి ద్రావణంతోనే జరగాలి. మిగిలినది మురుగుకాలువలో పారబోయరాదు.

దానికి ఉపాయం కూడా ఈ చర్యలోనే ఉన్నది. ద్రావణాన్ని గాజునాళికలో పోసి మూతిని కరిగించి మూసివేస్తే, వేడినీరు, మంచుతోనే రంగులు చూపవచ్చును. ఎన్నిమార్లు అటూ ఇటూ మారినా లోపల ఏదీ ఖర్చు కాదు. ఒక్క నాళిక ఏటేటా వచ్చే విద్యార్థులందరికీ అదే పాఠాన్ని చెప్పగలదు.