డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఓ నోటుబుక్కు

కుక్కకి తొమ్మిదో పదో ఏడు వచ్చి బొజ్జ జారితే 'వయసు మీదపడింది' అనుకుంటాం. గిన్నెడు నీళ్లు గటగటా తాగేస్తే 'ఎండలు కదా' అంటాం. అన్నాళ్లూ బుద్ధిగా ఉన్నది ఓ రాత్రి హాల్లో పోసేస్తే మాత్రం కేకలేస్తాం. తీరా పరీక్షలయ్యాక డాక్టరు 'కుషింగ్స్' అనేసరికి, పాపం, అనవసరంగా తిట్టామే అనిపిస్తుంది.

అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పేరుమీద వచ్చిన జబ్బు ఇది. మనుషులకంటే కుక్కల్లోనే ఎక్కువ. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ అవసరానికి మించి తయారవుతుంది. పదింట ఎనిమిది కుక్కల్లో దీనికి కారణం మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న కంతి. చాలావరకు మిగతావాటిలో మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథిలోనే గడ్డ ఉంటుంది. ఇవిగాక దురదకోసం, చెవిపోటుకోసం నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ మందులవల్లా ఇవే లక్షణాలు రావచ్చు. అప్పుడు వైద్యమే వేరు. అందుకే ఇంట్లో ఉన్న చెవి చుక్కలు, ఆయింట్‌మెంట్లు, మాత్రలు అన్నీ ఓ సంచిలో వేసుకుని డాక్టరుకి చూపించండి. భయపడి స్టెరాయిడ్ మందు మీ అంతట మీరే ఠక్కున ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం.

ఇక నోటుబుక్కు సంగతి. ఈ జబ్బులో డాక్టరు చూసేది పదిహేను నిమిషాలు, మీరు చూసేది రోజంతా. 'చాలా తాగుతోందండీ' అంటే ఆయనకేం తెలుస్తుంది? లీటరు సీసాతో కొలిచి పోయండి, రాత్రికి మిగిలింది కొలిచి తీసేయండి. బాత్‌రూం తలుపు వేసి ఉంచాలి, లేకపోతే బకెట్లో తాగింది లెక్కకి రాదు. పదికిలోల కుక్క రోజుకి లీటరు దాటి తాగుతోందంటే ఎక్కువే. పెరుగన్నం తినేదానికీ, ఎండు బిళ్లలు తినేదానికీ దాహంలో తేడా ఉంటుంది కాబట్టి ఏం పెట్టారో కూడా రాయండి. ఇల్లు పాడుచేస్తోందని నీళ్లు మాత్రం తగ్గించకండి. అది తాగేది అల్లరికి కాదు.

రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఊరికే ఎంతసేపు రొప్పింది, మెట్లు ఎక్కుతోందా లేదా... ఇవీ రాసుకోండి. రొప్పడం ఫోన్లో వీడియో తీస్తే మరీ మంచిది. నెలకోసారి ఒకే చోట నిలబెట్టి పక్కనుంచి ఫొటో తీయండి. మందు మొదలయ్యాక దాహం, ఆకలి కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడతాయి కానీ, ఊడిన బొచ్చు రావడానికి నెలలు పడుతుంది.

మూత్రం నమూనా తెమ్మంటే పొద్దున్నే మొదటిది ఇంట్లోనే పట్టాలి. ఆస్పత్రిలో బెదురుకే కార్టిసాల్ పెరిగిపోతుంది. మగకుక్కకి పొడుగు గరిటె, ఆడకుక్కకి లోతులేని పళ్లెం చాలు.

ట్రైలోస్టేన్ అనే మందు ఇప్పటికే వాడుతుంటే పరీక్ష రోజున ఖాళీకడుపుతో తీసుకెళ్లాలేమో అనుకుంటారు చాలామంది. సాధారణంగా మందు తిండితోనే వేసి, నాలుగునుంచి ఆరుగంటల్లోపు రక్తం తీస్తారు. కొందరు మందు వేయకముందే తీస్తారు. కాబట్టి ముందురోజే ఫోన్ చేసి అడగండి. మందు వేసిన టైము రాసిపెట్టుకోండి. ఎనిమిది గంటల్లో మూడుసార్లు రక్తం తీసే పరీక్ష ఒకటుంది. అదైతే ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టుకోవాల్సిందే.

ఇంట్లో గర్భిణి ఉంటే ఆ క్యాప్స్యూల్ ఆమె అస్సలు ముట్టుకోకూడదు. కూతురు పురిటికి వచ్చిందంటే మందు వేసే పని మీరో, మీవారో చూసుకోండి. ఎవరు వేసినా క్యాప్స్యూల్ విప్పకూడదు, చేతులు కడుక్కోవాలి.

డాక్టర్ని మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. పిట్యూటరీదా, అడ్రినల్‌దా? మధుమేహం, రక్తపోటు కూడా ఉన్నాయా? మందులకీ, మాటిమాటికీ చేయించే పరీక్షలకీ కలిపి నెలకెంతవుతుంది? ఇది జీవితాంతం సాగే ఖర్చు మరి, ముందే తెలుసుకోవడంలో తప్పులేదు. అర్ధరాత్రి ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చేయాలి? ఇది తప్పకుండా అడగండి. మందు ఎక్కువైతే కుక్క తిండి మానేస్తుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి, కుప్పకూలిపోనూవచ్చు. అలాంటప్పుడు తర్వాతి మోతాదు వేయకుండా వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. ఓ పూట మందు మరిచిపోతే తర్వాతి పూట రెండూ కలిపి వేయకండి.

వెళ్లేరోజు ఆటోలో పరవడానికి ఓ పాత దుప్పటి, తాగడానికి నీళ్లసీసా పట్టుకెళ్లండి. ఎక్కేముందోసారి, దిగాక మరోసారి నాలుగడుగులు తిప్పండి.