వాన కోసం నిలబడ్డవాళ్లు

మన వానాకాలం అనగానే విదేశీ పత్రికలవాళ్లకు గుర్తొచ్చే ముఖం ఒకటుంది. మొహం పైకెత్తి, చినుకుల్లో తడిసి మైమరచిన పద్నాలుగేళ్ల అమ్మాయి. ఆమె ఎవరో కాదు, తర్వాతి కాలంలో సినీ దర్శకురాలైన అపర్ణా సేన్. న్యూజీలాండ్ ఫొటోగ్రాఫర్ బ్రయాన్ బ్రేక్ 1960లో కలకత్తాలో తీసిన ఆ ఫొటో మరుసటి ఏడు ‘లైఫ్’ పత్రికలో వచ్చింది. అందులో లేనిదల్లా వానే! డాబా మీద నిలబెట్టి, మొక్కలకు నీళ్లుపోసే డబ్బాతో పైనుంచి తడిపారు.

మన సినిమాల్లో వానపాటలన్నీ ట్యాంకరు నీళ్లే కదా, తప్పేముంది అనొచ్చు. తప్పేం లేదు. అందమైన ఫొటో అది. వీధి ఫొటో మాత్రం కాదు.

వీధి ఫొటోకి వాన రావాలి, మనిషి రావాలి, మనం అక్కడే ఉండాలి. 1893 ఫిబ్రవరి 22న న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ మంచు తుఫానులో మూడు గంటలు నిలబడ్డాడు, ఎదురొచ్చే ఒక్క గుర్రబ్బండి కోసం. అతని చేతిలో ఉన్నలాంటి చిన్న కెమెరాను ఫొటోగ్రఫీ పెద్దలు ఆటబొమ్మ కింద తీసిపారేసే రోజులవి.

అదే ఊళ్లో, యాభై అరవై ఏళ్ల తర్వాత సాల్ లీటర్ అనే ఫొటోగ్రాఫర్ పెద్దగా దూరం కూడా పోలేదు. చిత్రకారుడు కావాలని వచ్చినవాడు. ఎక్కువగా తనుండే వీధుల చుట్టూనే తిరిగాడు. ఆవిరి పట్టిన అద్దం అవతల మసకబారిన మనిషి, తెల్లటి మంచులో ఒక ఎర్ర గొడుగు... అంతే. చాలా ఫొటోల్లో ముఖమే కనపడదు. అతని రంగుల ఫొటోల పుస్తకం 2006లోగానీ రాలేదు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి.

వానకున్న సుగుణం ఏమిటంటే, జనం కెమెరాను పట్టించుకోరు. హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్ల కింద బైకులాపి రెయిన్‌కోట్లు తొడుక్కునేవాళ్లను చూడండి. పోజు పెట్టే తీరికెవరికుంది? అయితే ఆ ఏమరుపాటే మనకు హద్దు కూడా. రఘుబీర్ సింగ్ 1967లో బిహార్‌లోని ముంగేర్‌లో తీసిన ఫొటోలో వానకు చిక్కిన ఆడవాళ్లు ఒకరినొకరు ఆనుకుని ముడుచుకుపోయారు. గొప్ప ఫొటోయే. అలాగని తడిసిన చీర కనపడ్డ ప్రతిచోటా మీట నొక్కేవాడిని నేను ఫొటోగ్రాఫర్ అనను. వద్దని చెయ్యి అడ్డం పెడితే దించేయాలి. తీసేయమంటే వాళ్ల ముందే తీసేయాలి.

ఇక పనిముట్ల సంగతి. చినుకు గాల్లో ఆగినట్టుండాలంటే షట్టర్ వేగం సెకనులో 500వ వంతు. గీతల్లా పడాలంటే 60వ వంతు చాలు. వెనకనుంచి వీధిదీపమో బండి లైటో పడి, దాని పక్కన చీకటి ఉంటేనే వాన కనపడుతుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో మంచు తీసే మనవాళ్లకు అది బూడిదరంగులో వస్తుంటుంది: కెమెరా మీటరు తెలుపును నమ్మదు. ఎక్స్‌పోజర్ ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచాలి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోదాన్ని లోపలి జేబులో పెట్టుకోవాలి. ఇంట్లోకొచ్చే ముందు కెమెరాను జిప్ కవర్లో మూసేస్తే తేమ దాని మీద కాకుండా కవర్ మీద పడుతుంది.

మనకు మంచు బెడద లేదుగానీ లెన్సులో బూజు బెడద ఉంది. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేయండి, కొత్తవి కొని మరీ. చెప్పుల పెట్టెల్లో వచ్చేవి చాలామటుకు అప్పటికే తేమ తాగేసి ఉంటాయి.